పాత ఉక్కు స్కూబా ట్యాంకు కొనాలంటే ముందు ముద్రలు చదవండి

డైవింగ్ మానేసినవారి ఇళ్లలోనో, చెన్నై కాశిమేడు రేవు వైపు పాత సామాన్ల దుకాణాల్లోనో ఉక్కు ట్యాంకు కనబడితే నా చెయ్యి ముందు దాని మెడ కిందికే వెళ్తుంది. తడిగుడ్డతో అక్కడి మట్టి తుడిస్తే ముద్రలు బయటపడతాయి. దుకాణదారు "రంగు వేసి ఇస్తానమ్మా" అంటే ఒప్పుకోకండి. "వద్దన్నా, ఉన్నది ఉన్నట్లే ఇవ్వండి" అనండి. కొత్త రంగు కింద ఏమున్నా కనిపించదు.

అమెరికా ట్యాంకైతే ఆ దేశపు రవాణా శాఖ ప్రమాణమైన డీఓటీ-3ఏఏ అని, ఇంకా పాతదైతే ఐసీసీ-3ఏఏ అని ఉంటుంది. పక్కనున్న 2250 వంటి అంకె పీఎస్ఐలలో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో, దాని పని ఒత్తిడి. ఆ తరువాత పరీక్షించిన నెల, సంవత్సరం. ముద్రలు అరగదీసి ఉన్నా, ఎక్కడైనా వెల్డింగ్ మచ్చ ఉన్నా బేరం అక్కడితో ఆపేయండి. మన దేశంలో పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం లేని రకాన్ని గాలితో నింపడం చట్టవిరుద్ధం కూడా. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఆ మాట స్పష్టంగా చెబుతాయి. అందుకే ఆమోదం సంగతి తేల్చుకున్నాకే డబ్బు చేతికివ్వండి.

వాల్వు తిప్పితే గాలి రాలేదని ట్యాంకు ఖాళీ అనుకోవద్దు. తుప్పు పెచ్చులు దారి మూసి ఉండవచ్చు. లోపల ఒత్తిడి ఉండగా వాల్వు విప్పితే అది తుపాకి గుండులా ఎగిరిపడుతుంది. ఈ పని పరీక్షా కేంద్రంలోనే చేయించండి, నేనూ అక్కడే చేయిస్తాను.

వాల్వు తీశాక సన్నని దీపాన్ని తీగకు కట్టి లోపలికి దించండి. గోధుమరంగు పొడి పలుచగా పరుచుకుని ఉంటే భయం లేదు. అడుగుభాగం మాత్రం ఓపికగా చూడండి. ఉప్పునీరు నిలిచినచోట తుప్పు వరుసగా గుంటలు తవ్వుతుంది. ట్యాంకు అడుగుకు తొడిగే రబ్బరు బూటును ఊడదీసి బయటి అడుగూ చూడాలి, దాని కింద తడి ఏళ్ల తరబడి దాక్కుంటుంది. లోపల పాత ప్లాస్టిక్ పూత పెచ్చులుగా లేస్తుంటే నేను ఆ ట్యాంకును తీసుకోను.

పలుచని తుప్పును దొర్లించి వదిలిస్తారు. సిరామిక్ ముక్కలు, తుప్పును ఆపే మందు కలిపిన నీరు పోసి ట్యాంకును కొన్ని గంటలు తిప్పుతారు. తరువాత వేడినీటితో కడిగి, తలకిందులుగా పెట్టి వెంటనే పొడిగాలి కొట్టాలి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. కడిగిన ఉక్కు ఆ చెమ్మకు కళ్లెదుటే ఎర్రబడుతుంది.

బయట గ్రైండర్ పెట్టవద్దు, గోడ పలచబడుతుంది. ఆమ్లంలో నానబెట్టినా, ఓవెన్‌లో రంగు కాల్చినా ఉక్కు గుణం చెడవచ్చు. తీగ బ్రష్, జింకు ప్రైమర్, గాలికి ఆరే రంగు చాలు. ముద్రల మీద రంగు పలుచగా ఉండనివ్వండి.

చివరి మాట హైడ్రో పరీక్షదే. 3ఏఏ ట్యాంకును పని ఒత్తిడికి 5/3 రెట్లు, అంటే 2250కి 3750 పీఎస్ఐ వరకు నీటితో పరీక్షిస్తారు. ఒత్తిడి తీశాక మిగిలే వ్యాకోచం మొత్తం వ్యాకోచంలో 10 శాతం దాటితే ట్యాంకు పనికిరాదు. మన నిబంధనల ప్రకారం అసలు బరువులో 5 శాతానికి మించి తగ్గినా అంతే. నెగ్గితే వాల్వుకు కొత్త ఓ-రింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం), కొత్త బర్స్ట్ డిస్కు (ఒత్తిడి మితిమీరితే చిరిగి గాలి వదిలే పలుచని బిళ్ల) వేయించండి.

దాచేటప్పుడు కొద్దిగా గాలి ఉంచి నిలబెట్టండి. నెలల తరబడి నిల్వ ఉన్న గాలితో మాత్రం నీళ్లలోకి దిగవద్దు. లోపల తడి ఉంటే తుప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది. పాత గాలి వదిలేసి మళ్లీ నింపించుకోండి.