ఇంటికి రంగు, 4వ పాఠం: నీలం పాలున్న లేత ఆకుపచ్చ

మూడో పాఠం అయ్యేసరికి లప్పం పెట్టాం, సాండ్ పేపర్ పట్టాం, ప్రైమర్ కొట్టాం. గోడ తయారుగా ఉంది. ఇక రంగు. ఈ పాఠానికి ఒకే రంగు తీసుకుంటున్నాను: పసుపు కంటే నీలం వైపు మొగ్గిన లేత ఆకుపచ్చ. షేడ్ కార్డు మీద ఇది నచ్చనివాళ్లు అరుదు. గోడకెక్కాక మాత్రం "ఇదేంది, మేం చూసింది ఇది కాదు" అనిపించే రంగు కూడా ఇదే.

కారణం సులువు. రంగు ఎంత లేతదైతే దానికి సొంత పట్టు అంత తక్కువ. కింద ఏ బండ ఉంది, పైన ఏ బల్బు ఉంది, కిటికీ అవతల ఏముంది, వాటన్నిటి మాటా వింటుంది. కాబట్టి కార్డు తెరిచే ముందు గదిని చదవాలి. ఈ పాఠంలో నేర్చుకునేది అదే.

కిటికీ నుంచి మొదలుపెడదాం. మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడిమి నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణానే. అంటే ఉత్తరం కిటికీ ఒక్కటే ఉన్న గదికి ఎక్కువ నెలలు నేరుగా ఎండ రాదు, ఆకాశపు వెలుతురు మాత్రమే వస్తుంది. అందులో నీలం ఎక్కువ. అక్కడ ఈ రంగు వేస్తే గోడ ఆకుపచ్చగా కాక నీలిబూడిదగా కనబడుతుంది, చలికాలం పొద్దున అయితే మరీ వెలవెలబోతుంది. ఆ గదికి ఇదే కుటుంబంలో కాస్త పసుపు కలిసిన షేడ్ చూసుకోవాలి. పడమటి గది దీనికి పూర్తిగా ఎదురు. సాయంత్రం నాలుగు దాటాక నారింజ ఎండ లోపలికొచ్చి గోడలోని నీలాన్ని మింగేస్తుంది, రంగు మాసినట్టు ఉంటుంది. కానీ ఆ గంటన్నరను ఓర్చుకోగలిగితే మిగతా పూట పడమటి గదికి ఇంతకన్నా మంచి రంగు నాకు తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. "చల్లటి రంగు వేస్తే ఎండాకాలం గది చల్లగా ఉంటదట" అని అడిగేవాళ్లున్నారు. కంటికి చలువే, ఫ్యానుకు కాదు. లోపలి గోడ రంగు మార్చినందుకు మే నెల వేడి తగ్గదు. అది తగ్గాలంటే మిద్దె పైన తెల్ల కూలింగ్ పూత వేయించుకోవాలి.

కిటికీ అవతల ఏముందో కూడా చూడండి. వేపచెట్టు ఉంటే ఆకుల మీద పడ్డ ఎండ పచ్చగా లోపలికొచ్చి గోడను ఇంకో మెట్టు పచ్చగా చేస్తుంది. హనుమకొండ సందుల్లో మూడడుగుల దూరంలో పక్కింటి గోడ ఉంటుంది. దానికి కాషాయమో గులాబీయో కొట్టి ఉంటే మీ గదిలోకి వచ్చేది ఆ రంగు వెలుతురే.

నేల సంగతి ఇంతకంటే ముఖ్యం, ఎందుకంటే నేలను మార్చలేం. షాబాదు బండల మీద ఈ రంగు చాలా నెమ్మదిగా, హుందాగా ఉంటుంది. రెండూ చలువ రంగులే కాబట్టి గదిలో వెచ్చటిది ఒకటి తప్పకుండా పడాలి: టేకు కుర్చీ, ఇత్తడి దీపపు సెమ్మె, ఏదైనా సరే. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్‌తో కూడా దిగుల్లేదు, గోధుమరంగు పచ్చకు వెచ్చదనం ఇస్తుంది. ఇబ్బందల్లా మీగడ రంగు టైల్స్‌తోనే. వాటిలో దాగున్న పసుపు మామూలుగా కనబడదు, నీలంపచ్చ గోడ పక్కకు రాగానే టైల్స్ తుడవనట్టు పాచిగా తేలతాయి. మీ ఇంట్లో అవే ఉంటే ఈ రంగు మీద ఆశ సగం తగ్గించుకుని పడకగదిలో ఒక్క గోడకు చాలించండి.

వార్నిష్ కొట్టిన టేకు దర్వాజా గోడను మరింత నీలంగా చూపిస్తుంది. నారింజకు ఎదురు రంగు నీలం, పక్కపక్కన ఉంటే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉన్నదీ ఇదే. చిన్న పరీక్ష చేయండి. ఎర్ర జాకెట్టు ముక్కను అర నిమిషం రెప్ప వాల్చకుండా చూసి తెల్లగోడ వైపు చూపు మరల్చండి, నీలంపచ్చ మచ్చ ఒకటి తేలుతుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్ ఆపరేషన్ గదికి తెలుపు మాన్పించి ఆకుపచ్చ పెట్టించింది కంటికి ఇలాంటి ఇబ్బందులు తగ్గాలనే. నెత్తురు ఎరుపు నుంచి తలెత్తిన కన్ను తెల్లగోడ మీద మిరుమిట్లు పడుతుంది, పచ్చ మీద సేదతీరుతుంది. మనకిది ఇంకోలా పనికొస్తుంది. చేర్యాల నకాషీ పటంలో (బట్ట మీద గీసే కథల బొమ్మల పటం) బొమ్మల వెనక రంగు ఎరుపు. లేత నీలంపచ్చ గోడకు ఒక్క పటం తగిలిస్తే ఆ ఎరుపు వెలిగిపోతుంది. నాలుగు తగిలిస్తే గది గోల పెడుతుంది. కొత్తవాడ జంఖానాకూ ఇదే లెక్క: ముదురు ఎరుపు పట్టీలున్నది ఒకటి పరిస్తే చాలు.

ఇక బల్బు. ఈ రంగుకు "ఆసుపత్రి గోడ" అని పేరు రావడంలో సగం పాపం తెల్ల ట్యూబులైటుది, మిగతా సగం నడుం ఎత్తు దాకా ముదురు ఆయిల్ పెయింట్ పట్టీది. పట్టీ వద్దే వద్దు. బల్బు డబ్బా మీద 3000, 4000, 6500 అని కెల్విన్ అంకె ఉంటుంది. అది వెలుతురు రంగుకు కొలత: అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం కలిసిన తెలుపు. 6500 కింద ఈ గోడల నడుమ కూర్చున్న మనిషి జ్వరం పడి లేచినట్టు కనబడతాడు. హాలుకు 4000, పడకగదికి 3000 పెట్టండి. 3000 కింద నీలం కొంత తగ్గుతుంది, అది మంచికే.

ఇప్పుడు కార్డు తెరవండి. ఒక వరుసలో అన్నిటికంటే ముదురు షేడ్‌ను ముందు చూడండి, లేతది దాచిన గుణం అక్కడ బయటపడుతుంది. అది నెమలికంఠం వైపు ఉంటే మనకు కావలసిన వరుస అదే, చిలకపచ్చ వైపు ఉంటే కాదు. నచ్చిన షేడ్ దొరికాక దానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. నాలుగు గోడలకూ ఒకే రంగు పడ్డప్పుడు ఒక గోడ పచ్చ ఇంకో గోడ మీద పడి తిరిగొస్తుంది, మొత్తం చిక్కబడుతుంది.

నేరుగా గోడ మీద నమూనా కొట్టొద్దు. రెండడుగుల అట్టముక్కకు ప్రైమర్, దాని మీద రెండు కోట్లు కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, ఆరినంక లైటైతది" అంటారు పెయింటర్లు. కానీ ఎమల్షన్ (నీళ్లు కలిపి కొట్టే గోడ రంగు) మామూలుగా ఆరాక కాస్త ముదురే అవుతుంది. ఆ అట్టను పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి బల్బు వేశాక, ఒక్కో గోడకు ఆనించి చూడండి. అడుగు అంచు నేలకు తగలాలి, ఒక పక్క దర్వాజాకు తగలాలి.

సీలింగుకు స్వచ్ఛమైన తెలుపు, మీగడ తెలుపు కాదు. లప్పం అలలు కనబడకూడదంటే మెరుపు లేని ఫినిష్. వంటింట్లో తాలింపు గట్టు వెనక ఈ రంగు పెట్టకండి, పసుపు మరక లేతపచ్చ మీద వదలదు.

కొలత కూడా తేల్చుకుందాం. 10 x 12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అనుకుంటే గోడలు 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీస్తే సుమారు 390. రెండు కోట్లకు లీటరుకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడుంపావు లీటర్లు. 4 లీటర్ల డబ్బా కొనండి, మిగిలింది మరకలకు పనికొస్తుంది. రెండు డబ్బాలు కావలసివస్తే ఒకేసారి మెషీన్ మీద కలిపించి, ఇంటికొచ్చాక రెండిటినీ పెద్ద బకెట్లో పోసి కలిపి వాడండి. షేడ్ కోడు మూత లోపలి వైపు రాసిపెట్టుకోండి.

ఇంటిపని: ఒక గది ఎంచుకుని కిటికీ దిక్కు, నేల, దర్వాజా, బల్బు అంకె ఒక కాగితం మీద రాయండి. అట్ట నాలుగు పూటలా ఎలా కనబడిందో ఎదురుగా రాయండి. అయిదో పాఠంలో రోలర్ పడతాం, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.