పన్నెండేళ్ల పిచ్చర్‌కి ముందు రెండు రకాల బంతులు చాలు

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ లాంటి ఆట; అందులో బ్యాటర్‌కి బంతి విసిరేది పిచ్చర్. అమెరికా యూత్ సాఫ్ట్‌బాల్‌లో పన్నెండేళ్లలోపు అమ్మాయిలకి పిచింగ్ (బంతి విసిరే) దూరం 40 అడుగులు, బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. మొదటి రోజే అంత దూరం వద్దు. పది అడుగుల నుంచి గోడకేసి మణికట్టు విదిలింపు ఒక్కటే చేయించండి. చెయ్యి పూర్తిగా తిప్పడం ఆ తర్వాతే.

మొదటిది ఫాస్ట్‌బాల్, అంటే వేగంగా విసిరే బంతి. దాన్ని తుంటి పక్కన వదలాలి. ముందే వదిలితే నేలకు కొడుతుంది, ఆలస్యమైతే బ్యాటర్ వెనక బంతి అందుకునే క్యాచర్ తల మీదుగా పోతుంది. "గురి కుదరట్లేదు సార్" అని పిల్ల అన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

రెండోది ఛేంజప్, అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి. బంతిని అరచేతిలోకి లోతుగా పట్టాలి, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్ వేగంతోనే తిరగాలి. చెయ్యి నెమ్మదిస్తే బ్యాటర్ ఇట్టే పసిగట్టేస్తుంది. ఫాస్ట్‌బాల్‌కే ఆలస్యంగా బ్యాట్ ఊపేవాళ్లకి ఛేంజప్ వేయడమంటే పరుగులు దానం చేయడమే. తొందరపడి ఊపేవాళ్లకి వేయించండి, అదీ మోకాలి ఎత్తులో. రైజ్‌బాల్ (పైకి లేస్తున్నట్టు వచ్చే బంతి) ఇప్పుడే నేర్పాలన్నది తల్లిదండ్రుల ముచ్చట, పిల్ల అవసరం కాదు.

చెన్నై ఉక్కపోతలో వేళ్లు జారతాయి. నడుముకి చిన్న తువ్వాలు కట్టించి, ఎండ ముదరకముందే ప్రాక్టీస్ ముగించండి. భుజం ముందు వైపు నొప్పి అంటే ఆ రోజుకి పిచింగ్ బంద్.