మొదటి రీలు కెమెరా కొంటున్నారా? పేరు కంటే ముందు పీసు చూడండి

మా బరంపురంలో కాలేజీ పిల్లలు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నారు: "అన్నా, తక్కువలో మంచి రీలు కెమెరా ఏది?" రీలు కెమెరా అంటే ఫిల్ము చుట్ట వేసి తీసే పాతకాలపు కెమెరా. ఏదో ఒక మోడల్ పేరు చెప్తే చాలనుకుంటారు. పేర్లు కిందనే చెప్తాను. కానీ మనం కొనేది దశాబ్దాల నాటి వస్తువు. ఒకే మోడల్‌వి రెండు పక్కపక్కన పెడితే ఒకటి కొత్తదానిలా కొడుతుంది, రెండోదాని షట్టరు (వెలుతురును లోపలికి వదిలే తెర) సగంలో ఆగిపోతుంది. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ ఉన్న మన ప్రాంతంలో ఈ తేడా మరీ ఎక్కువ.

ముందు రీలు లెక్క వేయండి

35 ఎం.ఎం. రీలులో సాధారణంగా 36 ఫొటోలు వస్తాయి. రీలు ధర, కడిగించడానికి అయ్యేది, స్కానింగు, కొరియరు ఖర్చు అన్నీ కలిపి 36తో భాగించండి. మీరు ఒక్కసారి బటన్ నొక్కితే ఎంత ఖర్చో తెలుస్తుంది. ఆ అంకె చూశాకే కెమెరాకు ఎంత పెట్టాలో తేల్చుకోండి. చేతిలో ఉన్న డబ్బులో సగం కెమెరాకు, మిగతా సగం రీళ్లకు పెట్టమని నేను చెప్తాను. మొదటి రీలులో తప్పులు అందరికీ జరుగుతాయి. చెయ్యి కుదిరేది మూడో రీలుకో నాలుగో రీలుకో. డబ్బంతా కెమెరా మీదే పోసి, ఒక్క రీలుతో ఆపేసినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

రంగుల రీలు కడగాలంటే సీ-41 పద్ధతి తెలిసిన ల్యాబు కావాలి. మీ ఊళ్లో అలాంటిది లేకపోతే పెద్ద ఊరికి పార్సిల్ చేయాలి. నలుపు-తెలుపు రీలును ఇంట్లోనే కడుక్కోవచ్చు. డెవలపరు, ఫిక్సరు అనే రసాయనాలు, వెలుతురు చొరని ఒక ట్యాంకు ఉంటే చాలు. రీలును ట్యాంకులోకి ఎక్కించేంతసేపే పూర్తి చీకటి కావాలి.

తర్వాత ఇంట్లో బీరువా వెతకండి

ఇది నిజంగానే ఒక మెట్టు, దాటేయకండి. పెదనాన్న దగ్గరో మేనమామ దగ్గరో యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ10 లాంటివి ఇంకా ఉండొచ్చు. వీటిలో ఫోకస్ తిప్పే పని లేదు. ఎంఎఫ్-2 ఫ్లాష్‌కు రెండు పెన్సిల్ సెల్స్ చాలు. పగటి వెలుతురులో, రెండు మూడు మీటర్ల దూరం నుంచి మనుషుల్ని తీస్తే చక్కగా వస్తాయి. మరీ దగ్గరికి వెళ్తే మసకబారతాయి. ఉత్తినే దొరికితే మొదటి రీలు అందులోనే వేయండి.

ఆగ్ఫా క్లిక్ 3 దొరికితే దాచుకోండి గానీ నేర్చుకోవడానికి వద్దు. దానికి 120 సైజు రీలు కావాలి, 12 ఫొటోలే వస్తాయి.

కొనాల్సి వస్తే ఏ రకం?

ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే అంతా చేత్తో తిప్పే ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులోంచే చూసి తీసే, లెన్సు మార్చుకోగలిగే కెమెరా) తీసుకోండి. పెంటాక్స్ కె1000 (ఇది 1976 నుంచి 1997 దాకా తయారైంది), నికాన్ ఎఫ్‌ఎం10, యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000 ఈ రకానివే. వీటిలో బ్యాటరీ పని వెలుతురు కొలిచే లైట్ మీటరును నడపడం వరకే. అది అయిపోయినా షట్టరు కొడుతూనే ఉంటుంది. కె1000కు ఆన్-ఆఫ్ స్విచ్ లేదు కాబట్టి వాడనప్పుడు లెన్సు మూత పెట్టి ఉంచాలి, లేకపోతే మీటరు బ్యాటరీని తాగేస్తుంది. రష్యా నుంచి వచ్చిన జెనిట్ కెమెరాలూ గట్టివే. కాకపోతే జెనిట్-ఈలో ఉన్న సెలీనియం మీటరు వయసుతోపాటు బలహీనపడుతుంది, దాన్ని నమ్మొద్దు.

డబ్బు బాగా తక్కువుంటే కెనాన్ ఈఓఎస్ 300, నికాన్ ఎఫ్65 లాంటి ఆటోఫోకస్ కెమెరాలు చూడండి. ప్లాస్టిక్ బాడీ అని జనం వీటిని పట్టించుకోరు, అందుకే చవక. ఇంకో లాభం ఏమిటంటే, పెళ్లిళ్ల ఫొటోలు తీసే స్నేహితుడి దగ్గర కెనాన్ ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు, ఈఓఎస్ 300కి అది నేరుగా సరిపోతుంది. ఈఎఫ్-ఎస్ అని రాసున్న లెన్సులు మాత్రం పట్టవు. ఈ రెండు కెమెరాలూ సీఆర్2 బ్యాటరీలు రెండేసి అడుగుతాయి, అవి లేకపోతే అస్సలు కదలవు.

లెన్సు విషయంలో ఒక్క మాట. మన బరంపురం ఠాకురాణీ యాత్రలో (అమ్మవారి జాతరలో) రాత్రిపూట వేషాలు తీయాలనుకుంటే జూమ్ లెన్సు కంటే ఎఫ్/1.8, ఎఫ్/2 ఉన్న 50 ఎం.ఎం. లెన్సే మేలు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. 400 ఐఎస్‌ఓ (రీలు వెలుతురును పట్టే శక్తి) రీలు వేసినా వీధి దీపాల వెలుతురుకు జూమ్ చాలదు.

కెనాన్ ఏఈ-1 మంచి కెమెరానే, కానీ పేరు పెరిగి ధర కూడా పెరిగింది. చూస్తే, షట్టరు కొట్టినప్పుడు దగ్గులాంటి కీచు శబ్దం వస్తుందేమో వినండి. వస్తే లోపల నూనె ఎండిపోయినట్టే, సర్వీసింగు చేయించాలి. యాషికా ఎలక్ట్రో 35 చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ దానికి పెట్టిన పాదరసపు బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. వేరే బ్యాటరీ పట్టేలా అడాప్టరు వెతుక్కోవాలి. మొదటి కెమెరాకు ఆ టెన్షన్ ఎందుకు?

చేతిలోకి తీసుకున్నాక

పర్లాకిమిడిలో మూసేసిన ఒక స్టూడియో పెద్దాయన దగ్గర నేను ఈ పరీక్ష నేర్చుకున్నాను. కెమెరా వెనక మూత తెరిచి, లెన్సును ట్యూబ్‌లైటు వైపు పెట్టి నా చేతికిచ్చారు. "రీలు లేకుండానే కొట్టు బాబూ. లోపల వెలుతురు ఎలా మెరుస్తాదో చూడు" అన్నారు. ఒక సెకను మీద పెట్టి కొడితే తెర తెరుచుకుని "ఒకటి" అనేలోపు మూసుకుంది. 1/30 (సెకనులో ముప్పయ్యో వంతు) మీద చిన్న మెరుపు. 1/500 మీద కన్ను ఆర్పేంతలో అయిపోయింది, కానీ వెలుతురు నిండుగా కనిపించింది. తర్వాత ఇంకో కెమెరా ఇచ్చారు. 1/500 మీద ఒక అంచు నల్లగానే ఉండిపోయింది. "ఇలాంటిది తీసుకుంటే ప్రతి ఫొటోలో ఒక పక్క చీకటే" అన్నారు. మీరూ అన్ని స్పీడుల మీదా రెండు మూడుసార్లు కొట్టి చూడండి.

ఇక ఫంగస్. మన వైపు కెమెరాలకు అసలు శత్రువు ఇదే. లెన్సు ఎపర్చరు (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, ఇంకో వైపు నుంచి కాస్త వంచి చూడండి. సాలెగూడు పోగుల్లా, చెట్టు వేళ్లలా సన్నటి గీతలు పాకి ఉంటే అది ఫంగస్. మొత్తం పొగమంచులా ఉన్నా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే ఫర్వాలేదు, ఫొటోలో కనపడవు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి నేనొకసారి కొన్న కెమెరా బయట అద్దంలా మెరిసింది, లోపల లెన్సు నిండా ఫంగస్. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు.

వెనక మూత అంచుల్లో, కెమెరా లోపలి అద్దం పైన నల్లటి స్పాంజి ఉంటుంది. వేలు తగిలితే తారులా అంటుకుంటోందా? అది చెడిపోయింది. మార్చడం తేలికే, కాబట్టి కెమెరా వదిలేయకండి, ధర తగ్గించమని అడగండి. బ్యాటరీ గది మూత తప్పకుండా తెరవండి. కాస్త తెల్లటి పొడి ఉంటే శుభ్రం చేసుకోవచ్చు. పచ్చగా తుప్పుపట్టి రేకు తినేసి ఉంటే వదిలేయండి. లైట్ మీటరును ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పోల్చి చూడండి.

దూరం నుంచి కొంటుంటే మూడు అడగండి: వెనక మూత తెరిచి ఒక సెకను మీద షట్టరు కొట్టిన వీడియో, లెన్సులోంచి టార్చి వేసిన ఫొటో, బ్యాటరీ గది ఫొటో. "చెక్ చేయలేదండీ, పనిచేయొచ్చు" అంటే పనిచేయదనుకుని బేరమాడండి.

మొదటి రీలు వేసే రోజు

రీలు ఎక్కించి, మూత వేసి, ఎడమవైపు రివైండు పిడిని వదులు లేకుండా మెల్లగా తిప్పి ఆపండి. ఇప్పుడు రీలును ముందుకు జరిపే లీవరు లాగుతుంటే ఆ పిడి తనంతట తాను తిరగాలి. తిరగకపోతే రీలు పట్టుకోలేదన్నమాట. ఈ ఒక్కటి చూసుకోక 36 ఫొటోలూ ఖాళీగా వచ్చినవాళ్లు చాలామంది. ఐఎస్‌ఓ చక్రం రీలు మీదున్న అంకెకు పెట్టారో లేదో కూడా చూడండి.

మీటరు మీద అనుమానముంటే, మంచి ఎండలో ఎపర్చరు ఎఫ్/16 పెట్టి, 200 రీలుకు 1/250, 400 రీలుకు 1/500 పెట్టండి. మిట్టమధ్యాహ్నం గోపాల్‌పూర్ సముద్రపు ఇసుక మీదైతే ఎఫ్/22. నీడలో ఎటూ తేలకపోతే రంగుల రీలుకు వెలుతురు కాస్త ఎక్కువే ఇవ్వండి. ఎక్కువను అది ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఫొటో నంబరు, ఎపర్చరు, స్పీడు రాసుకుంటే రీలు కడిగి వచ్చాక ఏది ఎందుకు పోయిందో అర్థమవుతుంది.

ఇంటికి తెచ్చాక పాత తోలు సంచిలో మాత్రం పెట్టకండి, తోలు చెమ్మ పట్టి ఫంగస్‌ను పెంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వేయండి. ఆషాఢం నుంచి చలి మొదలయ్యేదాకా వారానికోసారి బయటికి తీసి, అన్ని స్పీడుల మీదా పదిసార్లు కొట్టి, లెన్సుకు కాసేపు వెలుతురు తగలనిచ్చి మళ్లీ డబ్బాలో పెట్టండి.