ఇంట్లోని పాత లైసెన్సు తుపాకీని అమ్మదలచినవారికి

మా నాన్నగారి డబుల్ బ్యారెల్ తుపాకీ ఏడాదికి ఒక్కసారి, దసరానాడు ఆయుధపూజకు మాత్రమే బీరువాలోంచి బయటికి వచ్చేది. గొట్టాలను నూనెగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, సాయంత్రానికి మళ్లీ తాళం వేసేవారు. ఆయన పోయాక, కర్మలు ముగిసిన రోజునే దగ్గరి బంధువొకరు "తెలిసినవాళ్లెవరికైనా ఇచ్చేయండి, నాలుగు డబ్బులు వస్తాయి" అన్నారు. ఆ మాట విని ఉంటే మేము క్రిమినల్ కేసులో ఇరుక్కునేవాళ్లం. ఆ తుపాకీ చట్టప్రకారం చేతులు మారడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఆ పధ్నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, ముందు కాగితాలు, తరువాత కొనేవాడు, అన్నిటికంటే చివర తుపాకీ కదలాలి. ఈ వరుస తప్పినవారికే కష్టాలు వస్తున్నాయి.

అసలు ఇంత ఇబ్బంది ఎందుకు వచ్చిందో ముందుగా తెలుసుకోవాలి. మన దేశంలో తుపాకులకు ఆధారం 1959 నాటి ఆయుధాల చట్టం. ఒక వ్యక్తి వద్ద మూడుకు మించి తుపాకులు ఉండరాదన్న పరిమితిని 1983 సవరణ తెచ్చింది. 2016లో పాత నియమావళి స్థానంలో కొత్త ఆయుధ నియమాలు వచ్చాయి. ప్రతి లైసెన్సునూ జాతీయ డేటాబేస్‌లో నమోదు చేసి, దానికి యూఐఎన్ అనే ప్రత్యేక సంఖ్య ఇవ్వడం తప్పనిసరి అయింది. 2019 డిసెంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణ మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవారు ఏడాదిలోపు దానిని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు వద్దనో అప్పగించాలని చెప్పింది. వారసత్వంగా వచ్చే తుపాకులకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది. అమ్మేవారికి దీని వల్ల రెండు వైపులా దెబ్బ తగిలింది. మూడో తుపాకీ వదిలించుకోవలసిన వారందరూ ఒకేసారి అమ్మకానికి వచ్చారు, అప్పటికే రెండు ఉన్నవారు కొనడానికి అనర్హులయ్యారు. ఆ పైన 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పటి నుంచి వేట అనే ప్రయోజనం క్రమంగా లేకుండా పోయింది కాబట్టి, పాత పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) తుపాకీకి గిరాకీ తగ్గుతూనే ఉంది.

మొదట చూడవలసింది లైసెన్సుదారు జీవించి ఉన్నారా లేదా అన్నది. జీవించి ఉండి, వయసు 70 దాటినా, ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన వద్దే ఉన్నా, తాను సూచించిన వారసునికి లైసెన్సు ఇవ్వవలసిందిగా కోరే వీలు 2016 నియమాల్లో ఉంది. ఇంట్లో నిజంగా దానిని బాధ్యతగా ఉంచుకోగలవారు ఉంటే, అమ్మకం గురించి ఆలోచించే ముందు ఈ దారి పరిశీలించడం మంచిది.

లైసెన్సుదారు మరణించి ఉంటే పరిస్థితి వేరు. లైసెన్సు మనిషికి ఇచ్చినది, ఇంటికి ఇచ్చినది కాదు. కాబట్టి వారసులలో ఎవరికీ సొంత లైసెన్సు లేనప్పుడు ఆ తుపాకీ బీరువాలో ఉండటమే నేరమవుతుంది. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండటానికి కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. అందువల్ల ఆలస్యం చేయకుండా తుపాకీని, మిగిలిన తూటాలతో సహా, దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ అప్పగించాలి. ముందుగా స్టేషన్‌కు ఫోన్ చేసి, వారు చెప్పిన విధంగా తీసుకువెళ్లడం క్షేమం. రశీదులో తుపాకీ రకం, బోరు, తయారీదారు పేరు, నంబరు, తూటాల సంఖ్య, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోవాలి. "ఒక తుపాకీ అందినది" అని మాత్రమే రాసిన రశీదు రేపు ఎందుకూ పనికిరాదు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఇలా అప్పగించినంత మాత్రాన హక్కు పోదు. వారసులకు సొంత లైసెన్సు లేకపోయినా, నిర్ణీత గడువులోపు, అర్హత ఉన్న వ్యక్తికి దానిని అమ్మించుకునే హక్కు చట్టంలోని 21వ సెక్షను ఇస్తోంది. గడువు దాటితే మాత్రం జిల్లా మెజిస్ట్రేటు ఉత్తర్వుతో ప్రభుత్వపరం కావచ్చు. అందుకే గడువు ఎప్పటి వరకు ఉందో అప్పగించిన రోజే అడిగి రాయించుకోవాలి.

వారసులు ఒకరికంటే ఎక్కువ ఉంటే, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతావారి సమ్మతి తెలిపే నోటరీ అఫిడవిట్లు సిద్ధం చేసుకోవాలి. మా తమ్ముడు అమెరికాలో ఉండటంతో అతని సమ్మతి పత్రం అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించి వచ్చేసరికే రెండు నెలలు గడిచాయి.

ఇక్కడ కొంచెం ఆగి, నంబర్ల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా పనిలో ఎక్కువ కాలం మింగినది ఇదే. తుపాకీ మీద చెక్కిన నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు, డేటాబేస్‌లోని నంబరు, ఈ మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటి కావాలి. మా తుపాకీ నంబరులో మూడో అంకె ఏళ్ల తరబడి తుడిచీ తుడిచీ అరిగిపోయింది. పుస్తకంలో అది 3, కంప్యూటరులో 8. డీలరు భూతద్దం పెట్టి, టార్చి వెలుతురును పక్కనుంచి వేసి చూపిస్తే, ఎడమ వైపు గీత లేదని, అది 3 అని తేలింది. పుస్తకం నుంచి కంప్యూటరుకు ఎక్కించినవారు పొరబడ్డారు. కార్యాలయం పొరపాటే అయినా సరిదిద్దించుకోవలసిన భారం మా మీదే పడింది. ఆయుధ పరిశీలన నివేదిక, పుస్తకం నకలు, దరఖాస్తు, నాలుగు సార్లు తిరగడం, మొత్తం ఐదు నెలలు. కాబట్టి కొనేవారిని వెతకడానికి ముందే ఈ మూడు నంబర్లూ పోల్చి చూసుకోండి. అరిగిన నంబరును స్పష్టంగా కనిపించేలా చేద్దామని గీయడం, రాపిడి పెట్టడం వంటివి ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తుపాకీ గుర్తును చెరపడం, మార్చడం విడిగా నేరం.

తుపాకీ ఏ వర్గానికి చెందినదో కూడా తేల్చుకోవాలి. పన్నెండు బోరు తుపాకీ, పాయింట్ 315 రైఫిలు, పాయింట్ 32 రివాల్వరు వంటివి నిషిద్ధేతర వర్గం కిందికి వస్తాయి. పాయింట్ 303 రైఫిలు, 9 ఎంఎం పిస్టలు వంటివి నిషిద్ధ వర్గం, వాటి వ్యవహారం కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. అటువంటిది ఇంట్లో ఉంటే న్యాయవాది సలహా లేకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు. మరమ్మతు చేసినా పేలే అవకాశం లేని పురాతన ఆయుధాలకు చట్టం మినహాయింపు ఇస్తోంది గానీ, అది పేలుతుందో పేలదో తేల్చవలసింది మనం కాదు.

ధర విషయంలో ఆశలు అదుపులో పెట్టుకోవాలి. సామాన్య పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నుంచి ఆగిపోవడంతో, అంతకుముందు వచ్చిన మంచి విదేశీ రివాల్వర్లకు, పిస్టళ్లకు ఇప్పటికీ విలువ ఉంది. పాత పన్నెండు బోరు తుపాకీకి ఆ విలువ లేదు. కొనేవారికి కొన్ని సంగతులు దాచకుండా చెప్పడం అమ్మేవారి ధర్మం. గొట్టం లోపల తుప్పు గుంటలు ఉన్నాయా, పాత ఇంగ్లీషు తుపాకీ అయితే దాని చాంబరు, అంటే గొట్టంలో తూటా కూర్చునే భాగం, రెండున్నర అంగుళాలదేనా అన్నవి ముఖ్యమైనవి. అటువంటి పొట్టి చాంబరులో నేటి 70 మిల్లీమీటర్ల తూటా వాడితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మేము ఈ సంగతి చెప్పినందుకు ఒకరు కొనకుండా వెళ్లిపోయారు, అయినా చెప్పినందుకు నాకు విచారం లేదు.

కొనేవారి అర్హత పరిశీలించే బాధ్యత చట్టం అమ్మేవారి మీద కూడా పెట్టింది. ఎదుటివారికి అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా ఆయుధం అప్పగించడం శిక్షార్హం. లైసెన్సు కాలపరిమితి ముగిసిందా, యూఐఎన్ ఉందా, మీరు అమ్మే రకానికే ఆ లైసెన్సు ఇచ్చారా, ఆయన పేరిట ఇప్పటికే రెండు తుపాకులు ఉన్నాయా, కొనుగోలుకు ఇచ్చిన గడువు మిగిలి ఉందా అన్నవి పుస్తకంలోనే కనిపిస్తాయి. పుస్తకం చూసి తృప్తిపడకుండా, దానిని జారీ చేసిన కార్యాలయం నుంచి అది నిజమైనదేనని లిఖితపూర్వకంగా నిర్ధారణ కోరాలి. జమ్మూకశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య జారీ అయిన లైసెన్సులపై సీబీఐ దర్యాప్తు జరిగిందని గుర్తుంచుకుంటే, దూర రాష్ట్రపు పుస్తకం పట్టుకుని తొందరపెట్టే కొనుగోలుదారుతో ఎంత జాగ్రత్తగా ఉండాలో అర్థమవుతుంది. సామాజిక మాధ్యమాల్లో ప్రకటన పెట్టి అపరిచితులను ఇంటికి పిలవడం కంటే, లైసెన్సు ఉన్న డీలరు ద్వారా అమ్మడమే నా దృష్టిలో మేలు. ఆయన కొంత రుసుము తీసుకుంటారు, కానీ రిజిస్టరులో ప్రతి మార్పూ నమోదవుతుంది.

కొనేవారు ఖాయమయ్యాక నేరుగా అమ్మదలచితే, జిల్లా మెజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గానీ ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. హైదరాబాదు వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరే ఈ విషయంలో జిల్లా మెజిస్ట్రేటు. అందులో మీ పేరు, లైసెన్సు నంబరు, యూఐఎన్, తుపాకీ వివరాలు, కొనేవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు ఉండాలి. వాక్యం సూటిగా ఉంటే చాలు: "పై వివరాలు గల తుపాకీని, దిగువ పేర్కొన్న లైసెన్సుదారునికి అమ్మదలచాను. ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం ఈ సమాచారం సమర్పిస్తున్నాను." రెండో ప్రతి మీద తేదీతో కూడిన ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర పడిన రోజు నుంచి 45 రోజులు గడిచేవరకు తుపాకీ చేతులు మారకూడదు. ఉదాహరణకు జూన్ 1న ఇస్తే జూలై 16 దాటేవరకు ఆగాలి. సమాచారం ఇవ్వకుండా గానీ, ఆ గడువు నిండకుండా గానీ అమ్మితే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. చట్టం అడిగేది సమాచారమే అయినా, ఆచరణలో అనుమతి పత్రం, కొనేవారు వేరే జిల్లావారైతే నిరభ్యంతర పత్రం లేకుండా పని ముందుకు సాగదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో ఆయుధాలు స్టేషన్లలో డిపాజిట్ అవుతాయి, దరఖాస్తులు కూడా నిలిచిపోతాయి కాబట్టి, ఆ కాలాన్ని తప్పించి మొదలుపెట్టడం మంచిది. ఈలోగా పూర్తి సొమ్ము తీసుకోవద్దు. బయానా తీసుకుంటే, అనుమతి రాకపోతే తిరిగి ఇస్తానని కాగితం మీద రాయండి.

అప్పగింత డీలరు దుకాణంలోనో స్టేషన్‌లోనో జరగాలి. తూటాలు విడిగా లెక్కపెట్టి రాయాలి. కొనేవారికి పనికిరాని పాత తూటాలను స్టేషన్‌లోనే అప్పగించాలి తప్ప, పెళ్లి ఊరేగింపులోనో పండుగకో పేల్చి ఖర్చు చేయకూడదు. వేడుకల్లో ఇతరుల భద్రతకు ముప్పు కలిగేలా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని 2019 సవరణ స్పష్టంగా చెప్పింది. సొమ్ము బ్యాంకు ద్వారా తీసుకోవాలి. ఎంత వెతికినా కొనేవారు దొరకకపోతే, గడువు ముగిసేవరకు కూర్చోకుండా ప్రభుత్వానికి స్వచ్ఛందంగా అప్పగించి రశీదు పొందడం నయం.

అమ్మకం పూర్తయ్యాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. కొనేవారి పుస్తకంలో తుపాకీ ఎక్కిందని, మన పుస్తకంలోనూ డేటాబేస్‌లోనూ తొలగిందని చూసుకోవాలి. అది జరగనంత కాలం రికార్డుల్లో ఆ తుపాకీ మనదే, దానితో ఎక్కడ ఏమి జరిగినా మొదట తలుపు తట్టేది మన ఇంటికే. కొనుగోలు తరువాత మూడు వారాలకు నేను కార్యాలయానికి వెళ్లి, తెర మీద నాన్నగారి పేరు ఎదుట "ఆయుధం లేదు" అన్న నమోదు కనిపించాకే బయటికి వచ్చాను. దాని ప్రింటు, ముద్ర ఉన్న నోటీసు ప్రతి, డీలరు రశీదు ఇప్పుడు ఆ బీరువాలోనే, తుపాకీ ఉండిన అరలో ఉన్నాయి.