శిశుగృహం నుంచి అమెరికాకు: దత్తత బిడ్డతో ప్రయాణం

అమెరికా పౌరసత్వం తీసుకుని అక్కడే స్థిరపడిన తెలుగు దంపతులు భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకునేటప్పుడు, దంపతుల ఇంటి పరిస్థితులను పరిశీలించే హోమ్ స్టడీ మొదలు, దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ అనుమతి దాకా సాగే కాగితాల పని మీదే దృష్టంతా పెట్టి, చివర్లో బిడ్డను వెంటబెట్టుకుని చేయవలసిన ప్రయాణాన్ని టికెట్లు కొంటే తీరిపోయే వ్యవహారంగా భావించడం కద్దు. పెద్దలకు అది ఎదురుచూపులు ఫలించిన సంబరమే గానీ, బిడ్డకు మాత్రం తెలిసిన ఆయమ్మ, అలవాటైన మంచం, రోజూ వినే గొంతులు ఒక్క పూటలో దూరమయ్యే సమయం. అందువల్ల కొత్త మనుషులు, కొత్త చోట్లు, కొత్త వస్తువులు ఎంత తక్కువగా ఉంటే అంత మేలన్న లెక్కతోనే ఏర్పాట్లన్నీ చేసుకోవాలి.

ముందుగా తేదీల సంగతి. దేశాల మధ్య దత్తతలకు వర్తించే హేగ్ ఒప్పందం ప్రకారం, ఆ బిడ్డను తీసుకురావడానికి అమెరికా ప్రభుత్వానికి పెట్టే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం, దత్తత కొనసాగించవచ్చని అమెరికా రాయబార కార్యాలయం ఇచ్చే ఆర్టికల్ 5 లేఖ, కారా నిరభ్యంతర పత్రం వచ్చిన తరువాతే దత్తత ఉత్తర్వు వెలువడాలి. ఈ వరుస తప్పితే వీసా దగ్గర చిక్కు తప్పదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన జిల్లా కలెక్టరు, ఇస్తున్నారు. ఆపైన బిడ్డకు జనన ధ్రువపత్రం, భారత పాస్‌పోర్టు, ఒప్పందానికి అనుగుణంగానే దత్తత జరిగిందని కారా ఇచ్చే పత్రం, వైద్య పరీక్ష, ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో వీసా ఉంటాయి. వీటిలో ఏది ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ముఖ్యంగా రెండేళ్లు నిండిన పిల్లలకు వైద్య పరీక్షలో భాగంగా క్షయ రక్తపరీక్ష చేస్తారు. అందులో అనుమానం తలెత్తి, కళ్లె పరీక్ష దాకా వెళితే, కళ్లెలోని క్రిములను పెంచి చూసే కల్చర్ ఫలితానికే 8 వారాలు పట్టవచ్చు. కాబట్టి తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనాలి. దంపతులిద్దరిలో ఒకరైనా అవసరమైతే ఆగిపోగలిగేలా ఉద్యోగంలో సెలవు ఏర్పాటు చేసుకోవాలి. టీకాలు పూర్తికాలేదని మాత్రం కంగారు పడనక్కర్లేదు; పదేళ్లలోపు దత్తత పిల్లల విషయంలో, అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వవచ్చు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే తలనొప్పి పేరు. మనకు ఇంటిపేరు ముందు రాసి, దాన్నీ ఒక పొడి అక్షరంతో సరిపెట్టడం అలవాటు. దత్తత ఉత్తర్వులో పొడి అక్షరం, జనన ధ్రువపత్రంలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ అయితే, అమెరికా వీసా మీద బిడ్డ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యు’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలు ఆ తరువాత బడిలో, బీమాలో, ప్రతి దరఖాస్తులో వెంటాడతాయి. ఉత్తర్వు ముసాయిదా దశలోనే పేరును అక్షరం అక్షరం సరిచూసుకుని, ఇంటిపేరు పూర్తిగా రాయించుకోవడం ఎంతో సులువు. అన్నింటికీ ధ్రువీకరించిన నకళ్లు కొన్ని అదనంగా తీసుకోవాలి.

శిశుగృహం దగ్గరికి వెళ్లినప్పుడు బిడ్డను తీసుకుని వెంటనే బయలుదేరకుండా, సిబ్బంది ఒప్పుకున్న మేరకు కొన్ని పూటలు అక్కడే గడపడం మంచిది. ఆయమ్మ అన్నం ఎలా కలుపుతుందో, ముద్ద ఎంత చేస్తుందో, పప్పులో నెయ్యి వేస్తుందో లేదో, జోకొట్టేటప్పుడు ఏమంటుందో, పాలపొడి ఏ కంపెనీదో, ఎన్ని చెంచాలో గమనించి రాసుకోవాలి. వరుసగా మంచాలు వేసిన గదిలో, ట్యూబులైటు వెలుగులో, పదిమంది పిల్లల మధ్య నిద్రపోయిన బిడ్డ హోటల్లో చీకటి గదిలో, నిశ్శబ్దంలో బెదిరిపోతుంది. చిన్న దీపం వెలిగించి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. బిడ్డ వాడిన దుప్పటిని గానీ చొక్కాను గానీ అడిగి తెచ్చుకుని, ఇల్లు చేరేదాకా ఉతకకుండా ఉంచాలి, ఆ వాసనే తనకు తెలిసినది కనుక. శిశుగృహం ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉంటే ఆకలి, నీళ్లు, నొప్పి, భయం, అమ్మ వంటి మాటలను ఆ భాషలో ముందే నేర్చుకుని వెళ్లాలి.

ఇక బంధువులు. హైదరాబాదులోనో విజయవాడలోనో కన్నవారిల్లు ఉన్నవారికి ఇది వీసా కన్నా కష్టమైన ఘట్టమని నా అభిప్రాయం. బిడ్డను చూడాలని అందరూ వస్తారు, ఎత్తుకుంటారు, నోట్లో మిఠాయి పెడతారు, ఎలాగూ వచ్చారు కదా తిరుమలలో తలనీలాలు ఇప్పించేయమంటారు. వారి ప్రేమలో లోపం లేదు. అయితే ఎవరు పిలిచినా వెళ్లే బిడ్డ కలుపుగోలుది కాదు, తనవారెవరో ఇంకా తేల్చుకోలేదంతే. అన్నం పెట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేస్తారని, బారసాల, మొక్కులు మళ్లీ వచ్చినప్పుడు చూసుకుందామని, ముందే ఫోనులో ఇంటి పెద్దలకు చెప్పి ఒప్పించుకోవాలి. అమ్మమ్మో నానమ్మో చెబితే మిగతావారు ఆగుతారు.

కారు ఎక్కడం ఎరగని పిల్లలకు మొదటి ప్రయాణంలోనే వాంతులు కావచ్చు. విమానాశ్రయానికి వెళ్లే రోజే తొలిసారి కారెక్కించకుండా, అంతకుముందే దగ్గర దూరాలు తిప్పాలి. అమెరికాలో విమానం దిగగానే పిల్లల సీటు లేకుండా కారులో కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం. అందువల్ల ఆ సీటును ఇండియాకే తీసుకువచ్చి, హోటల్ గదిలో నేల మీద పెట్టి, అందులో బొమ్మతో ఆడుకోనిస్తే పట్టీలంటే భయం పోతుంది.

విమానాశ్రయంలో ఒకరు బిడ్డను, మరొకరు కాగితాలను చూసుకోవాలి. ఈ పంపకం చివరిదాకా మారకూడదు. బిడ్డ తమ రంగు, తమ పోలికలోనే ఉంది కనుక ఎవరూ అడగరని మన దంపతులు అనుకుంటారు గానీ, తల్లిదండ్రులకు అమెరికా పాస్‌పోర్టు, బిడ్డకు భారత పాస్‌పోర్టు ఉన్నప్పుడు ఇమిగ్రేషన్ అధికారి అడగడం సహజం. ముగ్గురూ ఒకే కౌంటరుకు వెళ్లి, అడగకముందే దత్తత ఉత్తర్వు చేతిలో సిద్ధంగా ఉంచుకోవాలి. ఒక్కరే ప్రయాణిస్తుంటే రెండోవారి సమ్మతి పత్రాన్ని నోటరీ చేయించి వెంట ఉంచుకోవాలి. రాయబార కార్యాలయం సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని విప్పకూడదు, చెక్-ఇన్ సామానులో వేయకూడదు.

ఢిల్లీ నుంచి నేరుగా వెళ్లినా విమానంలో 15 గంటలు తక్కువ కాదు. విమానం నేలకు దిగుతున్నప్పుడు పాలసీసా గానీ, నమిలేది ఏదైనా గానీ ఇస్తే మింగుతున్నకొద్దీ చెవుల నొప్పి తగ్గుతుంది. నిద్రపోతుందని జలుబు సిరప్ పట్టించమని ఎవరు సలహా ఇచ్చినా వినకూడదు. కొందరు పిల్లలు దాంతో మరింత చిరాకు పడతారు, మత్తు మోతాదు మించితే ప్రమాదం.

అమెరికాలో తొలి విమానాశ్రయంలో మరో గదిలో కూర్చోబెట్టి పత్రాలు పరిశీలిస్తారు, కాబట్టి తదుపరి విమానానికి కనీసం మూడు, నాలుగు గంటల వ్యవధి ఉండాలి. భారతదేశంలోనే దత్తత పూర్తయిన పిల్లలకు ఇచ్చే ఐహెచ్-3 వీసాతో, 18 ఏళ్లలోపు వయసులో, అమెరికా పౌరులైన తల్లిదండ్రుల దగ్గర నివసించడానికి అడుగుపెట్టిన బిడ్డకు పౌరసత్వం ఆ క్షణమే లభిస్తుంది. ధ్రువపత్రం తరువాత తపాలాలో వస్తుంది. అక్కడి నుంచి రెండేళ్లపాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, బిడ్డ క్షేమ నివేదికలు కారాకు చేరాలి. పౌరసత్వంతోపాటే భారత పాస్‌పోర్టు చెల్లకుండా పోతుంది. దాన్ని కాన్సులేటులో అప్పగించి, అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు తీసుకున్న తరువాతే తిరుమల మొక్కుకు టికెట్లు కొనాలి.