చైన్‌సా గొలుసుకు సానపట్టే ముందు చక్రం విషయంలో జాగ్రత్తలు

గ్రైండర్ ప్లగ్గు తీసిన తరువాతే దాని సాన చక్రం మీద చేయి వేయాలి. కొత్తదైనా సరే, బిగించే ముందు చక్రాన్ని వేలికి వేలాడదీసి స్క్రూడ్రైవర్ చెక్కపిడితో మెల్లగా తట్టి చూడాలి. ఖంగుమని మోగితే మంచిదే, బొంగురుగా పలికితే లోపల పగులు ఉందని భావించి, ధర గురించి ఆలోచించకుండా పారవేయాలి. చక్రంపై ముద్రించిన గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కంటే తక్కువ ఉండకూడదు.

చక్రం మందం గొలుసు పిచ్‌ను (వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం) బట్టి ఉంటుంది. సాధారణంగా 1/4 అంగుళం, 3/8 అంగుళం లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ రకం) గొలుసులకు 3.2 మి.మీ., మామూలు 3/8 గొలుసుకు 4.8 మి.మీ., డెప్త్ గేజ్‌లకు (పన్ను ఎంత లోతు కోయాలో అదుపు చేసే, దాని ముందుండే బుడిపెలకు) 6 లేదా 8 మి.మీ. చక్రం వాడతారు.

అసలు నిర్లక్ష్యం జరిగేది డ్రెస్సింగ్, అంటే చక్రం అంచును మళ్లీ సరిచేయడం దగ్గరే. వాడేకొద్దీ చక్రం అంచు గుండ్రదనం పోయి, లోహపు పొడి పట్టి నున్నగా మెరుస్తుంది. అప్పుడది ఉక్కును కోయడం మాని రాపిడితో కాలుస్తుంది. పంటి అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు గుణం మారినట్టే, తరువాత ఆకురాయి పెట్టినా పట్టకుండా జారిపోవచ్చు. అందుకే మెరుపు కనబడగానే, తిరుగుతున్న చక్రానికి డ్రెస్సింగ్ రాయిని తేలికగా ఆనించి, అచ్చుపలకతో సరిచూసుకుంటూ అంచును మళ్లీ గుండ్రంగా తేవాలి. వజ్రపు పూత చక్రాలకు ఈ పద్ధతి పనికిరాదు.

ఈ పనిలో లేచే దుమ్ము తక్కువేమీ కాదు కనుక కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. చక్రం బిగించాక, రక్షణ కవచం మూసి, పక్కకు నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిరగనిచ్చిన తరువాతే గొలుసును పెట్టాలి.