క్రూయిజ్ ఓడలో క్రాప్స్ ఆడటం ఎలా? గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవాళ్ల కోసం

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు వైపు నుంచి పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఈమధ్య క్రూయిజ్ కూడా ఒక మొక్కుబడిలా తయారైంది. మయామీలోనో గాల్వెస్టన్‌లోనో ఓడెక్కించి, నాలుగైదు రోజులు సముద్రంలో తిప్పుకొస్తారు. ఆ ఓడ కాసినోలో రాత్రి భోజనాలయ్యాక అన్నిటికన్నా ఎక్కువ గోల వినిపించే బల్ల ఒకటుంటుంది. పదీ పన్నెండు మంది చుట్టూ నిలబడి, ముక్కూమొహం తెలియని వాళ్లతో కలిసి ఒకేసారి కేకలు వేస్తుంటారు. అదే క్రాప్స్, రెండు పాచికలతో ఆడే పందెం ఆట. మనవాళ్లు కాసేపు చూసి, ఏమీ బోధపడక, స్లాట్ మిషన్ దగ్గరికి పోయి కూర్చుంటారు. అక్కడ డబ్బు ఎంత వేగంగా కరిగిపోతుందో లెక్క కూడా తెలియదు. క్రాప్స్‌లో ప్రతి పందెం వెనకా లెక్క తెలుస్తుంది. పాస్ లైన్ మీద కాసి, పాయింటు వచ్చాక దాని వెనక ఆడ్స్ పెట్టి (ఈ మాటలన్నీ కింద విడమరిచి చెబుతాను), బల్ల మధ్యలో ఉన్న రంగురంగుల గళ్ల జోలికి వెళ్లకుండా ఉండగలిగితే, కాసినోలో ఇంతకన్నా మంచి ఆట దొరకడం కష్టం.

ఒక మాట ముందే. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి జూదం ఆడటం 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం. సంక్రాంతికి తోటల్లో వెలిసే గుండాట బోర్డులకూ అది వర్తిస్తుంది. ఓడలో కాసినో సంగతి వేరు. అది ఓడ రేవు దాటి అంతర్జాతీయ జలాల్లోకి వెళ్లాకే తెరుస్తారు, రేవులో ఆగితే దాదాపు ఎక్కడైనా మూసేస్తారు. వయసు నిబంధన కొన్ని ఓడల్లో 18, కొన్నిట్లో 21.

ఇంట్లోనే మొదలుపెట్టండి

ఓడెక్కే ముందు వారం రోజులు ఇంట్లో అలవాటు చేసుకోండి. లూడో డబ్బాలోంచి రెండు పాచికలు, చిప్స్ బదులు గుప్పెడు చింతపిక్కలు, ఒక కాగితం, పెన్ను చాలు. డబ్బు అక్కర్లేదు, పెట్టొద్దు కూడా.

ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. రెండు పాచికలు కలిపి 36 రకాలుగా పడతాయి. అందులో ఏడు వచ్చేవి ఆరు: 1-6, 2-5, 3-4, 4-3, 5-2, 6-1. ఆరు, ఎనిమిది ఐదేసి రకాలుగా వస్తాయి. ఐదు, తొమ్మిది నాలుగేసి. నాలుగు, పది మూడేసి. మూడు, పదకొండు రెండేసి. రెండు, పన్నెండు ఒక్కొక్కటే. ఈ పట్టికని మీ చేత్తో మీరే రాసుకోవాలి. ఆట మొత్తం దీని మీదే నడుస్తుంది, డీలరు ఇచ్చే ప్రతి డాలరూ ఇందులోంచే లెక్క కట్టి ఇస్తాడు.

ఆట అసలు ఎలా తేలుతుంది?

పందెం కాసేది పాస్ లైన్ అనే గీత మీద. పాచికలు వేసే మనిషిని షూటర్ అంటారు. అతను మొదట వేసేది కమ్ అవుట్. అందులో 7 గానీ 11 గానీ పడితే పాస్ లైన్ వెంటనే గెలుస్తుంది. 2, 3, 12 పడితే వెంటనే ఓడిపోతుంది. 4, 5, 6, 8, 9, 10లో ఏది పడినా అది పాయింటు అవుతుంది. ఇక అక్కడి నుంచి షూటరు అదే అంకె మళ్లీ పడేదాకా వేస్తూ పోతాడు. ఆ అంకె ముందు పడితే మనం గెలిచినట్టు, ఏడు ముందు పడితే ఓడినట్టు. మిగతా ఏవి పడినా మన పాస్ లైన్‌కి ఏమీ కాదు.

కొత్తవాళ్లు తికమకపడేది ఏడు దగ్గరే. మా పాలకొల్లు బాబాయి గారు బల్ల పక్కన నిలబడి వాళ్లబ్బాయిని పదేపదే అడిగింది కూడా ఇదే: "ఇందాక ఏడు పడితే అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అదే ఏడు పడితే చిప్స్ ఊడ్చుకుపోయారు. ఏంట్రా ఇది?" పాయింటు లేనప్పుడు ఏడు మన చుట్టం, పాయింటు వచ్చాక ఏడు మన శత్రువు. ఏది ఏ సమయమో చూసి చెప్పడానికి బల్ల మీద పక్ అనే గుండ్రటి బిళ్ల ఉంటుంది. నల్ల వైపు ఆఫ్ అని ఉంటే కమ్ అవుట్ రాబోతోంది. తెల్ల వైపు ఆన్ అని, ఏదో ఒక అంకె మీద కూర్చుని ఉంటే ఆ అంకే పాయింటు. బల్ల దగ్గరికి వెళ్లగానే కళ్లు ముందు పక్ మీదికి పోవాలి. అది ఆఫ్‌లో ఉన్నప్పుడే పాస్ లైన్ మీద కాయండి. ఆన్‌లో ఉన్నప్పుడు కాయనిస్తారు గానీ, కమ్ అవుట్‌లో 7, 11 వల్ల వచ్చే లాభం వదులుకున్నట్టు అవుతుంది.

మామూలుగా ఇలాంటి ఒక పందెం తేలడానికి సగటున మూడు, నాలుగు సార్లు పాచికలు పడాలి. గుండాటలో ఒక్క వేటుకే తేలిపోతుంది, ఇక్కడ ఒకే పందేనికి కొంతసేపు ఎదురుచూపు ఉంటుంది. ఆ గోలంతా అందుకే.

డబ్బు సంగతి

ఎంత పోయినా బాధపడని మొత్తాన్ని ఊరి నుంచి బయల్దేరే ముందే తేల్చుకుని, డాలర్లలో విడిగా ఒక కవరులో పెట్టుకోండి. రోజుకింత అని కూడా రాసి ఉంచుకోవడం మంచిది. కనీస పందెం పది డాలర్లున్న బల్ల దగ్గర సాయంత్రానికి రెండు వందలు సరిపోతాయని నా అభిప్రాయం. ఓడ గది కార్డు మీద చిప్స్ తీసుకోవచ్చు గానీ చాలా కంపెనీలు దాని మీద రుసుము వేస్తాయి, మన ఇండియా క్రెడిట్ కార్డు దానికి జత చేసి ఉంటే విదేశీ మారకం రుసుము మళ్లీ వేరే. నగదు మేలు.

బల్ల దగ్గర పలక మీద కనిష్ఠం, గరిష్ఠం రాసి ఉంటాయి. అలాగే "ఆడ్స్ ఎంత వరకు పెట్టొచ్చు?" అని అడగండి. ఆడ్స్ అంటే పాస్ లైన్ పందెం వెనక అదనంగా పెట్టేది; ఓడల్లో సాధారణంగా ఆ పందేనికి రెండింతలో, మూడు నుంచి ఐదింతలో పెట్టనిస్తారు. చిన్న ఓడల్లో అసలు క్రాప్స్ బల్లే ఉండకపోవచ్చు కాబట్టి టికెట్ కొనేటప్పుడే పిల్లల చేత అడిగించండి. చాలా ఓడల్లో మొదటి సముద్రపు రోజు ఉచితంగా నేర్పుతారు, దాన్ని వదలొద్దు. మధ్యాహ్నం పూట జనం పల్చగా ఉంటారు, డీలర్లు ఓపిగ్గా చెబుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఇది మొత్తం నిలబడి ఆడే ఆట. సిగరెట్ పొగ పడనివాళ్లు కాసినోలో ఎక్కడ తాగనిస్తారో ముందే చూసుకోండి, చాలా ఓడల్లో లోపల పొగ తాగనిచ్చే చోటు అదొక్కటే.

బల్ల దగ్గర

బల్ల లోతైన తొట్టిలా ఉంటుంది. నలుగురు పనివాళ్లుంటారు. పొడవాటి వంకర కర్ర పట్టుకుని పాచికలు తోసేవాడు స్టిక్‌మ్యాన్. అటూ ఇటూ చిప్స్ ఇచ్చి పుచ్చుకునే ఇద్దరు డీలర్లు. మధ్యలో కూర్చుని అంతా గమనించేవాడు బాక్స్‌మ్యాన్. ఎవరైనా పాచికలు వేస్తుండగా డబ్బు తీయొద్దు. ఒక వేటు అయ్యాక, నోట్లు డీలరు చేతికి ఇవ్వకుండా ఆయన ముందు బల్ల మీద పెట్టి "చేంజ్ ప్లీజ్" అనండి. చేతి నుంచి చేతికి డబ్బు తీసుకోవడం వాళ్ల నియమాల్లో లేదు. చిప్స్ రాగానే మీ ముందున్న కట్టె గాడిలో పెట్టుకోండి.

ఇప్పుడు ఒక పందెం మొత్తం చూద్దాం. పక్ ఆఫ్‌లో ఉంది. పది డాలర్లు పాస్ లైన్ మీద పెట్టారు. షూటరు వేశాడు: ఐదు, మూడు. మొత్తం ఎనిమిది. డీలరు పక్‌ని తెల్ల వైపు తిప్పి ఎనిమిది మీద పెడతాడు. ఇక మీరు ఆ పది డాలర్ల వెనక, గీత బయట, ఇరవై డాలర్లు పెట్టాలి. దీన్నే ఆడ్స్ అంటారు. బల్ల మీద దీనికి గడి గీసి ఉండదు, అందుకే చాలామందికి ఇది ఉందని కూడా తెలియదు. మీ పట్టిక తీయండి: ఏడు ఆరు రకాలు, ఎనిమిది ఐదు రకాలు. కాబట్టి న్యాయంగా ఐదుకి ఆరు ఇవ్వాలి, అంతే ఇస్తారు. కాసినో ఇందులో ఒక్క పైసా ఉంచుకోదు. కాసినో మొత్తంలో ఇలాంటి పందెం చాలా అరుదు.

నాలుగు పడింది, ఏమీ కాదు. పదకొండు పడింది, దీన్ని స్టిక్‌మ్యాన్ "యో" అని అరుస్తాడు, అదీ ఏమీ కాదు. ఆరు, రెండు పడింది: ఎనిమిది! పాస్ లైన్‌కి పది, ఆడ్స్‌కి ఇరవై నాలుగు, మొత్తం ముప్పై నాలుగు డాలర్లు వచ్చాయి. ఎనిమిది కన్నా ముందు ఏడు పడి ఉంటే పెట్టిన ముప్పై పోయేవి.

పాయింటు ఆరు, ఎనిమిది అయితే ఆడ్స్‌ని ఐదు గుణిజాల్లో పెట్టండి. ఐదు, తొమ్మిది అయితే రెండుకి మూడు ఇస్తారు, కాబట్టి సరిసంఖ్యలో పెట్టండి. నాలుగు, పదికి ఒకటికి రెండు. లెక్క కుదరకపోతే డీలరు చిల్లర డాలరు వదిలేసి ఇస్తాడు, అది మీ నష్టం. ఆడ్స్ ఎప్పుడు కావాలన్నా వెనక్కి తీసుకోవచ్చు. పాయింటు పెట్టాక పాస్ లైన్ మీద డబ్బు మాత్రం కదపకూడదు.

పాస్ లైన్ మీద కాసినోకి మిగిలేది 1.41 శాతం. పదేసి డాలర్ల పందేలు గంటకు ముప్పై తేలాయనుకుంటే సగటున పోయేది నాలుగు డాలర్ల చిల్లర. సగటు మాట అది, ఒక్కో గంట వంద పోవచ్చు, వంద రావచ్చు. ఆడ్స్ ఎంత ఎక్కువ పెడితే ఈ ఎగుడుదిగుడు అంత పెరుగుతుంది. టెన్షన్ పడేవాళ్లు ఆడ్స్‌ని పాస్ లైన్ పందెమంతతోనే ఆపండి.

డోంట్ పాస్ అని దీనికి ఎదురు పందెం ఉంది. కాసినో వాటా 1.36 శాతం, కాస్త తక్కువే. కానీ బల్ల చుట్టూ అందరూ గెలవాలని అరుస్తుంటే మీరొక్కరే ఏడు కోసం ఎదురుచూడాలి. మొదటి ప్రయాణంలో వద్దనే అంటాను.

రెండో పందెం కావాలనిపిస్తే ఆరు లేదా ఎనిమిది మీద "ప్లేస్" అడగండి, ఏడు కన్నా ముందు ఆ అంకె పడితే గెలుస్తారు. ఆరు డాలర్లకి ఏడు ఇస్తారు, కాబట్టి ఆరేసి గుణిజాల్లో ఇవ్వండి. కాసినో వాటా 1.52 శాతం. ఇక చాలు.

మధ్య గళ్లని ఎందుకు వదలాలి?

స్టిక్‌మ్యాన్ వాటి పేర్లే గట్టిగా చెబుతూ ఉంటాడు, అది ఆయన పని. ఎనీ సెవెన్ తీసుకోండి. తర్వాతి వేటులో ఏడు పడితే ఒకటికి నాలుగు ఇస్తారు, వినడానికి బాగుంటుంది. 36 సార్లు ఒక్కో డాలరు కాశారనుకోండి. పట్టిక ప్రకారం ఆరుసార్లు గెలుస్తారు, అసలుతో కలిపి ముప్పై చేతికి వస్తాయి. ఆరు డాలర్లు పోయాయి, అంటే 16.67 శాతం. హార్డ్ ఎయిట్, అంటే నాలుగు నాలుగుగా పడాల్సిన ఎనిమిది, 9.09 శాతం. హార్డ్ ఫోర్ 11.11 శాతం. ఒకే బల్ల మీద, చేయి చాపితే అందేంత దూరంలో, పాస్ లైన్ కన్నా ఆరు నుంచి పన్నెండు రెట్ల దాకా ఖరీదైన పందేలు ఇవి.

మీ వంతు వచ్చినప్పుడు

స్టిక్‌మ్యాన్ కొన్ని పాచికలు మీ ముందుకు తోస్తాడు, రెండు ఎంచుకోండి. వేయడం ఇష్టం లేకపోతే "పాస్" అంటే చాలు, పక్కవాళ్లకి వెళ్తాయి. వైకుంఠపాళిలో గవ్వల్ని రెండు చేతుల్లో గిలకరించి వేయడం మనకు అలవాటు. ఇక్కడ ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, బల్ల అంచు దాటి బయటికి తీసుకురాకూడదు, రెండో చెయ్యి తగలకూడదు. పాచికలు అవతలి గోడకి ఉన్న రబ్బరు బొడిపెలకు తగిలి వెనక్కి రావాలి. ఓడ ఊగినా ఆ బొడిపెలు పాచికల్ని ఎటుపడితే అటు తిప్పేస్తాయి. వేరేవాళ్లు వేసేటప్పుడు మీ చేతులు బల్లలోపల ఉండకూడదు. పాచిక మీ చేతికి తగిలి ఏడు పడితే పక్కవాళ్ల మొహాలు మాడిపోతాయి. ఇంకొకటి, బల్ల దగ్గర ఏడు అనే మాట పైకి అనరు. సెంటిమెంటే, కానీ గౌరవించండి.

మామూలుగా ఒక షూటరు ఎనిమిది, తొమ్మిది వేట్లకే ఏడు పడి వంతు పోగొట్టుకుంటాడు. 2009 మేలో అట్లాంటిక్ సిటీలో ఒక మహిళ వరుసగా 154 సార్లు, నాలుగు గంటలకు పైగా వేసింది. ఆమె క్రాప్స్ ఆడటం అది రెండోసారే. అలాంటివి విని ఆశపడి పందెం పెంచొద్దు, ముందటి వేట్లని పాచికలు గుర్తుపెట్టుకోవు.

ఈ ఆట అమెరికాలో స్థిరపడిందీ ఒక డెల్టా ఊరిలోనే అని తెలిస్తే మనవాళ్లకి సంతోషంగా ఉంటుంది. మిస్సిసిపీ డెల్టాలోని న్యూ ఆర్లీన్స్‌లో బెర్నార్డ్ డి మారిన్యీ అనే భూస్వామి 1800ల మొదట్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడంటారు. తన ఎస్టేట్‌ని ప్లాట్లు వేసి అమ్మి, అందులో ఒక వీధికి ఈ ఆట పేరే పెట్టాడు.

లేచి రావడం

కవరు ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. బాగా వచ్చినప్పుడు తెచ్చిన డబ్బు ముందు జేబులో వేసుకుని, మిగతాదానితో ఆడండి. వెళ్లేటప్పుడు చిప్స్ బల్ల మీద పెట్టి "కలర్" అంటే చిన్నవి తీసుకుని పెద్దవి ఇస్తారు, వాటిని క్యాషియర్ కిటికీలో మార్చుకోవాలి. డీలర్లు బాగా చూసుకుంటే ఒకటి రెండు చిప్స్ వాళ్లకి ఇవ్వడం మర్యాద. చివరి రాత్రి కిటికీ మూసేలోపు అన్నీ మార్చేసుకోండి, ఓడ దిగాక ఆ చిప్స్ ఎక్కడా చెల్లవు. ఇండియాలో ఉండి పన్ను కట్టేవాళ్లకి విదేశంలో గెలిచిందీ ఆదాయమే. దాని మీద పన్ను 30 శాతం, పైన సెస్సు, పోయిన డబ్బుని అందులోంచి తీసేయనివ్వరు. కాబట్టి గెలిచిన రోజున క్యాషియర్ ఇచ్చే రసీదు అడిగి తీసుకుని, ఊరికి వచ్చాక మీ ఆడిటర్‌కి ఇవ్వండి.